ఇరుసుకు కట్టిన దండ

పోయిన వారం నన్ను ఎక్కడ వదిలేశారో గుర్తుందిగా? ప్రయోంగ్ మావయ్య కొత్త బండి కింద, బురదలో, వెల్లకిలా. తల కింద వేసుకున్న గోనెపట్టా కూడా తడిసిపోయింది.

అక్కడికి ఎందుకు దూరానో మరిచిపోయినవాళ్ళకీ, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకీ నాలుగు ముక్కలు చెప్తాను. నా పేరు లమ్యాయ్. నేనూ సుతినూ కలిసి ‘వెనక సీటు’ అని ఫోన్లలో వచ్చే ప్రోగ్రాం తీస్తాం. మా చాంతబురి జిల్లాలో తోట ఉన్న ప్రతివాడూ చూస్తాడు. పికప్ బండ్లని పోల్చి చెప్పడమే మా పని. ముందు సీట్లో కూర్చుని స్టీరింగు తిప్పి ఆహా ఓహో అనేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను మాత్రం వెనక సీట్లో, ఒళ్ళో పొగలు కక్కే నూడుల్స్ గిన్నె పెట్టుకుని కూర్చుంటాను. సుతిన్ ఎర్రమట్టి దారిలో నడుపుతాడు. నా బట్టల మీద ఎంత పులుసు ఒలికిందన్నదే ఆ బండికి మేమిచ్చే మార్కు. ఆ తరవాత నేనే స్టీరింగు పట్టుకుని కనుమ మలుపుల్లో ఖాళీగా ఒకసారి, పనసలా ముళ్ళుండే దురియన్ కాయల లోడుతో ఒకసారి దించుతాను.

ఈ కాపు మొదట్లో ఏనుగుబొమ్మ కంపెనీ బండినీ డేగబొమ్మ కంపెనీ బండినీ పోటీకి పెట్టాం. డేగ స్టీరింగు చెప్పిన మాట వింటుంది, మలుపులో ఒళ్ళు వాల్చదు. కానీ ఖాళీగా పోతుంటే ప్రతి గుంటకీ వెనక భాగం ఎగిరి పడుతుంది. ఏనుగు తిరగడానికి బద్ధకిస్తుంది గానీ గుంటలన్నీ మింగేసింది. గిన్నెలోంచి చుక్క ఒలకలేదు. పికప్ అంటే వెనక కమాను కట్టల మీద, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల మీద, నిలబడ్డ బండి, మోయడానికి పుట్టింది, ఖాళీగా ఉంటే ఎగరడం దాని నైజం. ఇదెందుకు ఎగరలేదా అని ఆశ్చర్యపోయాను కూడా. లోడు పరీక్షనాటికి నాకు జ్వరం ముంచుకొచ్చింది. సుతిన్ ఒక్కడే దించి, వీడియో తీసి పట్టుకొచ్చాడు. మంచం మీద పడుకునే దానికి నా గొంతు ఇచ్చాను. “మావయ్యా, నీ నడుముకి ఇదే బండి” అని పేరు పెట్టి మరీ చెప్పాను.

మావయ్య నడుము సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. దురియన్ కోసేవాడు చెట్టెక్కి కాయ వదిలితే, కింద గోనెసంచి పట్టుకుని గాల్లోనే ఒడిసి పట్టేవాడు ఒకడుంటాడు. కాయ నేలకి తగిలితే పగిలిపోతుంది, సంచి తప్పితే మనిషి తల పగులుతుంది. వయసంతా ఆ పట్టే పని చేసి మావయ్య వెన్ను అరిగిపోయింది. పాత బండిలో ప్రతి గతుక్కీ పళ్ళు బిగబట్టి కూర్చునేవాడు. నా మాట మీద ఏనుగు కొన్నాడు. షోరూమ్ వాళ్ళు మేం పరీక్షించిన ఆ బండినే ఆయనకి ఇచ్చారు.

పోయిన వారం, నా మాట మీదే ఏనుగు కొన్న ఉబోన్ అక్క బండిలో వెనక కూర్చున్నాను. అదే రకం బండి, అదే దారి. గిన్నె మొత్తం నా ఒళ్ళో బోర్లా పడింది. “ఇదేనటే నువ్వు మెచ్చిన మెత్తదనం? నా నడుం విరిచేశావు కదే!” అని అక్క నన్ను చెడామడా దులిపేసింది. అందుకే ఆమె బండి కిందా, మావయ్య బండి కిందా దూరాల్సి వచ్చింది.

ఉబోన్ అక్క బండి కమాను కట్టలో ఐదు పట్టీలున్నాయి. మావయ్య బండికి నాలుగే. రెండు పక్కలా నడిమి పట్టీ మాయం. చుట్టూ ఇనుమంతా మట్టి కొట్టుకుపోయి ఉంటే, కట్టని బిగించిన బోల్టులు మాత్రం కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి. ఎవరో విప్పి, పట్టీ లాగేసి, మళ్ళీ బిగించారు. ఇలా చేస్తే ఖాళీ బండి ఊయలలా ఊగుతుంది, పులుసు ఒలకదు. నిండా లోడు వేస్తే మటుకు వెనక భాగం ఇరుసు మీదికి కూలబడుతుంది, ముక్కు పైకి లేస్తుంది, ముందు చక్రాలకి నేల మీద పట్టు పోతుంది. కనుమ దిగేటప్పుడు స్టీరింగు తిప్పితే బండి తిరగాలని ఏమీ లేదు.

ఇది షోరూమ్ దొంగల పనే అనుకుని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ పక్కకి దొర్లాను. అప్పుడు కనిపించింది దండ.

మా దగ్గర ప్రతి బండికీ ఒక తల్లి ఉంటుంది, మే యానాంగ్. ముందు అద్దానికి పూలదండ, స్టీరింగుకి రంగుగుడ్డలు కట్టి ఆమెకి దణ్ణం పెట్టుకునే తాళం తిప్పుతాం. కానీ అద్దానికి కట్టాల్సిన దండని తీసుకొచ్చి బండి కింద, ఇరుసుకి, ఎవరికీ కనపడని చోట ఎవరు కడతారు? ఆ తల్లి ఒంటి మీద చెయ్యి వేసి, తప్పు చేసి, క్షమించమని అడిగేవాడే కడతాడు. మల్లెలు ఎండి గోధుమరంగుకి తిరిగాయి. కింద వేలాడే కుచ్చులో చివరి జిల్లేడు మొగ్గ తలకిందులుగా గుచ్చి ఉంది.

అలా తలకిందులుగా గుచ్చేది మా సంతలో ఒక్కతే, బువలై అత్త. సుతిన్ తల్లి. బల్బు మార్చాలన్నా ముందు బండికి చేతులు జోడించి “తల్లీ, ఏమీ అనుకోకు” అనే మనిషి కూడా మా ప్రాంతంలో ఒక్కడే. ఈ కాపు ముగిశాక నన్ను పెళ్ళి చేసుకోబోయేవాడు.

నాకు ఏడుపు రాలేదు. ఆ దండ విప్పి గుప్పిట్లో పెట్టుకుని బయటికి పాక్కుంటూ వచ్చాను.

“ఏమే, బండి కింద కునుకు తీశావా?” అన్నాడు మావయ్య ఉయ్యాలమంచంలోంచి. నిన్న కోసిన కాయలు పాక కింద గుట్టగా ఉన్నాయి.

“మావయ్యా, నేను తిరిగొచ్చేదాకా ఇందులో లోడు ఎక్కించకు.”

“ఏం? ఏమైందీ?”

“ఏం లేదు. ఒకటి చూసుకోవాలి. ఎక్కించకు, అంతే.”

“అలాగేలేవే. ముందు మొహం కడుక్కో, దెయ్యంలా ఉన్నావు.”

నిజం ఆయనకి అక్కడే చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేకపోయాను. సుతిన్ నోట వినకుండా సుతిన్ పేరు చెడగొట్టడానికి నోరు రాలేదు. చూశారా, అప్పటికీ నేను వాడి పక్షమే.

సంతలో బువలై అత్త దండలు గుచ్చుతోంది. సుతిన్ పక్కనే స్టూలు మీద కూర్చుని, ప్లాస్టిక్ సంచీలో పోసిన ఐస్ కాఫీ స్ట్రాతో పీలుస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకింకా ఒళ్ళు మండింది. ఎండిన దండ తీసి అత్త ముందున్న తడిగుడ్డ మీద పెట్టాను.

“అత్తా, ఇది నీ చేతి దండేనా?”

ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని మొగ్గని తిప్పి చూసింది. “నాదే. ఎక్కడ దొరికింది తల్లీ? ఇంత పెద్దది నేను మామూలుగా కట్టను. కాపు మొదట్లో వీడే కట్టించుకున్నాడు. బండి తల్లికి మొక్కు ఉందన్నాడు.”

సుతిన్ నోట్లోంచి స్ట్రా జారింది. “ఇక్కడొద్దు, లమ్యాయ్. బయటికి రా” అన్నాడు.

“ఎందుకు? మీ అమ్మ వినకూడదా?”

“దండం పెడతాను. రా.”

సంత వెనక మా ప్రోగ్రాం బండి ఆగి ఉంది. పైన కెమెరా బిగించిన పాత పికప్, రెండు పక్కలా పెద్ద అక్షరాలతో ‘వెనక సీటు’ అని రాసి ఉంటుంది. దాని తలుపుకి ఆనుకుని నిలబడ్డాను.

“నువ్వే తీశావా?”

“నేనొక్కణ్ణే కాదు. షోరూమ్ మెకానిక్కు విప్పాడు. నేను పక్కనున్నాను.”

“పక్కనుండి ఏం చేశావు? పూలు పట్టుకున్నావా?”

“అలా మాట్లాడకు. వాళ్ళు చాంతబురిలో కొత్త షోరూమ్ నా చేతిలో పెడతామన్నారు. మనిద్దరి కోసమే కదా? ఎంతకాలం నూడుల్స్ ఒళ్ళో పోసుకుంటూ తిరుగుతావు?”

“నా ఒళ్ళు, నా నూడుల్స్. నేనేమైనా కాలిందని ఏడ్చానా నీ దగ్గర?”

“ఒక్క పోటీ కోసం లమ్యాయ్! పరీక్ష అయ్యాక పట్టీ మళ్ళీ పెట్టేస్తామన్నారు. నేను నమ్మాను.”

“సరే, నమ్మావు. పెట్టారో లేదో ఒకసారి వంగి చూశావా?”

“లేదు.”

“మావయ్య బండి తెచ్చుకున్న రోజు గుళ్ళో భిక్షువు చేత బొట్లు పెట్టించడానికి దాన్ని నడుపుకొచ్చింది ఎవరు? నువ్వు. ఆ బండి అదేనని నీకు తెలియదూ? దండ కట్టిన చేత్తోనే కదా ఆయనకి తాళం ఇచ్చావు! ఆయన నీ తల నిమిరాడు. మా నాన్న లేని లోటు తీర్చిన మనిషి, ‘నా మేనకోడల్ని బాగా చూసుకో’ అన్నాడు. నువ్వు ‘అలాగే మావయ్యా’ అన్నావు. నేను పక్కనే ఉన్నాను సుతిన్!”

“చెప్దామనే అనుకున్నాను. ఆ రోజు ఆయన అంత సంతోషంగా ఉంటే...”

“లోడు పరీక్ష మాటేమిటి? పట్టీ లేకుండా లోడుతో ఎలా దించావు?”

వాడు చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. చిన్నప్పటినుంచీ అబద్ధం దాచేటప్పుడు వాడు చేసే పని అది.

“సుతిన్, లోడు ఎంత వేశావు?”

“పైవరస ఒక్కటే కాయలు” అన్నాడు గొణుగుతూ. “కింద అంతా ఎండుటాకులు.”

నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను, పిచ్చిదానిలా. జ్వరంతో మూలుగుతూ నేను ఆ వీడియోకి చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. ‘నిండు లోడుతో కూడా చూడండి, వెనక భాగం కుంగలేదు, మలుపులో అడుగు కూడా తప్పలేదు.’ ఎండుటాకులకి కుంగుతుందా ఏ బండైనా! ఆ మాటలు రాసిచ్చింది వాడు, చదివింది నేను. నా గొంతు తప్ప ఆ వీడియోలో ఇంకో గొంతు లేదు.

“బండి తల్లికి తప్పయిందని చెప్పుకున్నావు. ఇరుసు కిందికి పాక్కుంటూ పోయి మరీ చెప్పుకున్నావు. నాకు చెప్పడానికి ఎంత దూరం రావాలిరా? నేను ఎదురుగానే ఉన్నాను కదా!”

“నువ్వయితే క్షమించవు.”

“ఆవిడ క్షమించిందా?”

వాడి కళ్ళు చెమర్చాయి. ఇంకోరోజయితే నా గుండె కరిగిపోయేది. ఇప్పుడు ఆ నీళ్ళు కూడా ఎండుటాకుల లోడేనేమో అనిపించింది. అంత పాడయిపోయింది నా మనసు.

“కెమెరా తియ్యి. ఇప్పుడే, ఇక్కడే అందరికీ చెప్పు” అన్నాను.

“చెప్తే ఏమవుతుందో ఆలోచించావా? నాతోపాటు నువ్వూ పోతావు. నీకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? గొంతు నీది.”

ఆ మాట వాడు బెదిరింపుగా అనలేదు, జాలిగా అన్నాడు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. నా పేరుని తన తప్పుకి అడ్డం పెట్టుకోవడం వాడికి ముందునుంచీ అలవాటైపోయిందని అప్పుడు అర్థమయింది. చెంప పగలగొడదామని చెయ్యెత్తాను.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. సోమ్‌జిత్ అత్త, ప్రయోంగ్ మావయ్య భార్య.

“లమ్యాయ్, మీ మావయ్య నా మాట వినడే! మళ్ళీ మబ్బు పట్టింది, కాయలు పాడైపోతాయని గోడౌన్ వాళ్ళు ఫోను మీద ఫోను. బండి నింపేసుకుని వెళ్ళిపోయాడు.”

“ఏ బండి అత్తా?”

“ఏ బండేమిటి? పాతది అమ్మేశాం కదా. కొత్తదే. నువ్వు వద్దన్నావని నేను చెప్పాను తల్లీ. అదుగో ఆ లోడు వీడియో నాకు మళ్ళీ పెట్టి చూపించాడు. ‘ఇది చెప్పింది లమ్యాయే కదా, వద్దంటోందీ అదే. చూసి చెప్పిన మాటనే నమ్ముతాను’ అన్నాడు. కనుమ దాకా పోయి ఉంటాడు ఈపాటికి. ఎందుకే, ఏమైంది?”

ఆమెకి ఏం చెప్పానో గుర్తులేదు. ప్రోగ్రాం బండి తలుపు లాగి స్టీరింగు ముందు కూలబడ్డాను. సుతిన్ అవతలి తలుపు తీసుకుని ఎక్కేశాడు. దిగమని అరవడానికి కూడా తీరిక లేదు.

“ఫోను చెయ్యి. ఎత్తేదాకా చెయ్యి” అన్నాను.

వాడు చేస్తూనే ఉన్నాడు. కనుమ పైన సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. తడిరోడ్డు మీద మా పాత బండి వెనక చక్రాలు జారుతున్నాయి, నేను గేరు తగ్గించి పట్టుకుంటున్నాను. రెండో మలుపు దగ్గర రోడ్డు మీద ఒక కాయ పడి పగిలి ఉంది. ఇంకాస్త ముందుకి ఇంకొకటి. మలుపులో బండి ఎంత వాలితే పైవరస కాయలు దొర్లిపడతాయో నాకు తెలుసు. సుతిన్‌కీ తెలుసు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

మూడో మలుపు దాటాక కనిపించింది. వెనక భాగం నేలకి రాసుకునేలా కూలబడి, ముక్కు ఆకాశంలోకి పెట్టుకుని, దురియన్ల కొండని మోసుకుంటూ పోతోంది ఏనుగు. కుడికి తిప్పితే ఒళ్ళంతా ఎడమకి వాలి, తిరిగి లేవడానికి ఆలోచిస్తోంది. ముందు కొంత దూరం తిన్నటి దారి. దాని చివర లోయ పక్కకి తిరిగే పెద్ద మలుపు. అది దాటితేనే మఖాం ఊరూ, అక్కడి గోడౌనూ.

హారన్ కొట్టాను. మావయ్య అద్దంలో చూసుకున్నట్టున్నాడు, తనూ ఉత్సాహంగా రెండుసార్లు కొట్టాడు.

“మోగుతోంది!” అన్నాడు సుతిన్. స్పీకరు పెట్టాడు.

“విను” అన్నాను. “బ్రేకు గట్టిగా తొక్కొద్దని చెప్పు. గేరు తగ్గించి, మెల్లగా కొండవైపు ఆనించి ఆపమను. పట్టీ లేదని చెప్పు. నువ్వే చెప్పు సుతిన్. నీ మాటయితే ఆయన వింటాడు.”

వాడు తలూపాడు. ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. మావయ్య ఎత్తాడు.

“మావయ్యా...”

“ఒరే సుతినూ!” మావయ్య గొంతు బండి నిండా మోగింది. “వెనకాల వస్తోంది మీరేనా? చెప్పకుండా షూటింగు పెట్టారేమిట్రా! ఇదిగో, నా పక్కన మన ఊరిపెద్ద కూర్చున్నాడు. ఎంత మెత్తగా పోతోందో చూడమని ఎక్కించుకున్నాను. లమ్యాయ్ చెప్పింది అక్షరాలా నిజం, నడుం నొప్పి అన్నదే తెలియట్లేదు. ఈయన కూడా ఇదే కొంటాడట, మా కాబోయే అల్లుడు ఏరిన బండి అని చెప్తున్నాను. ఏం, తీస్తున్నారా?”

సుతిన్ చెయ్యి చొక్కా గుండీ మీదికి పోయింది.

“చెప్పు!” అని అరిచాను.

“తీస్తున్నాం మావయ్యా” అన్నాడు వాడు. “చాలా బాగా వస్తోంది.”

నేను స్టీరింగు వదిలి ఫోను లాక్కోబోయేలోపు వాడు కట్ చేసేశాడు.

ముందు బండి కిటికీలోంచి మావయ్య చెయ్యి బయటికొచ్చింది. మా కెమెరాకి హుషారుగా ఊపి, లోపలికి తీసుకున్నాడు. తరవాత ఏనుగు గుప్పున పొగ వదిలి, పెద్ద మలుపు వైపు వేగం పెంచింది.